ఉమ్మడి గోడ

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర గురించి ఏదైనా వ్రాయమని సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు కొంచెం వెనుకాడాను. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను. రిజిస్ట్రేషన్ శాఖలో లోయర్ డివిజన్ క్లర్కుగా చేరి, సీనియర్ అసిస్టెంటుగా 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు తెలిసిన చరిత్ర అంతా దస్తావేజుల్లోది. వాటిలో రాజులు ఉండరు, యుద్ధాలు ఉండవు. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం ఉంటాయి.

1998 నవంబరులో మన రాష్ట్రంలో ‘కార్డ్’ పేరుతో కంప్యూటర్ రిజిస్ట్రేషన్ వచ్చేదాకా ప్రతి దస్తావేజునూ చేత్తో వాల్యూములోకి ఎక్కించేవాళ్లం. అలా ఎక్కిస్తూ వేలసార్లు వ్రాసిన మాట ఒకటుంది: “తూర్పు: ఫలానా వారి ఇల్లు, ఉమ్మడి గోడ”. కొందరు లేఖరులు “జాయింటు గోడ” అని వ్రాసేవారు. సిరా ఆరకముందే పేజీ తిప్పేసేవాణ్ణి. ఆ మాటకు అర్థం ఏమిటో రిటైరైన నాలుగేళ్లకు మా సొంత ఇంట్లో తెలిసింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా ఇళ్ల వరుస ఎలా కట్టారో చెప్పాలి.

మా వరుస

సత్తెనపల్లి పాత ఊళ్లో మాది అయిదు ఇళ్ల వరుస. అయిదూ రాతి మిద్దెలు. ఒక కొస నుంచి మరో కొసకు వీధి వైపు ఒకే అరుగు, ఒకే ఎత్తు, ఒకే వరుసలో గుమ్మాలు. ఇల్లు ఇల్లుకూ మధ్య సందు లేదు. రెండిళ్లకు ఒకే గోడ. తూర్పు నుంచి లెక్కపెడితే మాది మూడోది. నందన కరువు దాటాక, కుంఫిణీ దొరల కాలంలో కట్టిన ఇళ్లని మా నాయనమ్మ చెప్పేది. నందన అంటే 1832-33. అప్పటి గుంటూరు జిల్లాలో అయిదు లక్షల జనాభాలో లక్షన్నర మంది ఆ కరువులో పోయారని లెక్క. మన పెద్దలకు కాలం గుర్తుండేది అంకెలతో కాదు, కరువులతో. ఆమె లెక్క ప్రకారం చూస్తే, ఇంగ్లండులో విక్టోరియా రాణి సింహాసనమెక్కిన 1837కు అటూ ఇటూగా మా గోడలు లేచాయన్నమాట.

పల్నాటి నేలకు దేవుడిచ్చిన ఆస్తి నాపరాయి. పొరలు పొరలుగా ఉండే ఈ సున్నపురాయి గనిలోనే పలకలుగా విడివడుతుంది. పెద్ద పలకలు నేలకు, అరుగులకు, గుమ్మాల మీద అడ్డంగా వేయడానికి పనికొస్తాయి. నిలువుగా పాతితే దొడ్డి గోడ అవుతుంది. ముక్కా చెక్కా గోడల్లోకి పోతాయి. అదే రాయిని బట్టీలో కాలిస్తే సున్నం. పిడుగురాళ్ల సున్నపు బట్టీలు ఈ ప్రాంతంలో తెలియనివారు లేరు. అంటే మా ఇంటికి రాయీ, రాయిని అతికించే సున్నమూ ఒకే తల్లి బిడ్డలు.

గోడ మందం దాదాపు రెండడుగులు. పైకి చూస్తే ఒకే గోడ. నిజానికి అది రెండు గోడలు. ఇటు మా గదిలోకి కనిపించే రాళ్ల వరుస ఒకటి, అటు పక్కవారి గదిలోకి కనిపించే వరుస మరొకటి. మధ్యలో ఖాళీని చిన్న రాళ్లతో, అడుసుతో నింపుతారు. ఈ రెండు మొహాలూ విడిపోకుండా, అక్కడక్కడా గోడ ఈ మొహం నుంచి ఆ మొహం దాకా పట్టే పొడుగాటి రాయిని అడ్డంగా పడుకోబెడతారు. గోడ బలమంతా ఆ పొడుగు రాళ్లలో ఉంది. పైన సందులు మాత్రం గానుగ సున్నంతో పూస్తారు. సున్నమూ ఇసుకా రాతి గానుగలో పోసి, ఎద్దులతో తిప్పి, వెన్నలా అయ్యేదాకా నూరితే వచ్చేది గానుగ సున్నం. సిమెంటు ఎరగని రోజుల్లో గుడికైనా, బావికైనా, మిద్దెకైనా అదే.

పైకప్పు సంగతి. కలిగినవారు టేకు దూలాలు, అంతంత మాత్రపువారు తాటి దూలాలు వేసేవారు. దూలానికీ దూలానికీ మధ్య జాగాను అంకణం అంటారు. మనవారు ఇంటి పెద్దరికాన్ని అంకణాల్లోనే చెప్పుకునేవారు. దూలాల మీద సన్నటి కర్రలు పరిచి, వాటి మీద అంగుళం మందం, మూడంగుళాల వెడల్పు, ఆరంగుళాల పొడవు ఉండే చిన్న ఇటుకలను అంచు మీద నిలబెట్టి, మూలకు ఐమూలగా సున్నంలో అతికిస్తారు. దాని మీద ఇటుక కంకర, సున్నం కలిపి మూడు నాలుగంగుళాల మందాన పోసి, చెక్క బద్దలతో రోజుల తరబడి కొడతారు. కరక్కాయ నానబెట్టిన నీళ్లూ, బెల్లపు నీళ్లూ చల్లుతూ కొడితే ఆ కప్పు రాయిలా గట్టిపడుతుంది. ఈ పద్ధతిని పి.డబ్ల్యు.డి. వారు మద్రాసు టెర్రేస్ అనేవారు. మా వరుసలో మూడిళ్లకు ఈ కప్పు ఉండేది. కొస ఇళ్లు రెంటికీ దూలాల మీద నాపరాయి పలకలు పరిచి, పైన చౌడు మట్టి పోసిన మట్టి మిద్దె.

ఇప్పుడు అసలు విషయం. మా దూలాల కొసలు ఆనేదీ, పక్కవారి దూలాల కొసలు ఆనేదీ ఒకే గోడ మీద. మా కొస ఉన్నచోట వారి కొస రాకుండా జానెడు పక్కకు జరిపి పెట్టారు. దీపం పెట్టుకునే గూళ్లూ అంతే. మా గూటికి సరిగ్గా వెనుక వారి గూడు ఉండదు. ఎదురెదురుగా వస్తే అక్కడ గోడ పలుచనై పోతుంది కదా! అయిదిళ్లవారు ఒకచోట కూర్చుని ఎవరి గూడు ఎక్కడో ముందే అనుకుంటే తప్ప ఇది కుదరదు. వీధి వాన నీళ్ల తూములు కూడా ఒకరి వాకిట్లో మరొకరివి పడకుండా అమర్చారు. కాగితం మీద ప్లాను గీయని రోజుల్లో ఇంత ఆలోచన చేశారు.

నేల సంగతి కూడా చెప్పాలి. మాది నల్లరేగడి. పత్తికి, మిరపకు బంగారం, ఇంటికి శత్రువు. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. విడిగా నిలబడ్డ సన్నని గోడను నాలుగేళ్లలో చీల్చేస్తుంది. అందుకే పునాది లోతుగా, గట్టి నేల తగిలేదాకా తీసి, వెడల్పుగా రాళ్లతో నింపి, దాని మీద ఒకదానికొకటి ఆనుకునేలా ఇళ్లను లేపారు. అయిదిళ్ల కింద నేల నీడలో ఉంటుంది కనుక ఎండకు ఎండడమూ, వానకు నానడమూ తక్కువ. మనుషుల్లాగే ఇళ్లు కూడా ఒకదాన్ని ఒకటి పట్టుకుని నిలబడ్డాయి.

ఎందుకు అలా కట్టుకున్నారు

మొదటి కారణం నిప్పు. ఆనాటి పల్లెల్లో ఎక్కువ ఇళ్లు తాటాకువి. చైత్ర వైశాఖాల్లో ఒక పొయ్యి నుంచి రవ్వ లేస్తే పేట మొత్తం బూడిదయ్యేది. నా చిన్నతనంలో కూడా అలాంటి మంటలు చూశాను. రాతి గోడ, సున్నపు కప్పు ఉంటే మంట అక్కడ ఆగిపోతుంది. లండను నగరం 1666లో తగలబడిన తరువాత ఇళ్లు ఇటుకతో గానీ రాయితో గానీ కట్టాలని, ఇంటికీ ఇంటికీ నడుమ గోడ ఇంత మందం ఉండాలని వారు చట్టం చేశారు. మనవారికి ఆ చట్టం లేదు కానీ ఆ భయం ఉంది.

రెండో కారణం ఎండ. రెంటచింతల ఎండల సంగతి రేడియోలో వినని వారుండరు. నాలుగు పక్కలా ఎండ తగిలే ఇంటికీ, రెండు పక్కల మాత్రమే తగిలే ఇంటికీ చాలా తేడా ఉంది. మే నెల మధ్యాహ్నం కూడా మా నడిమి గదిలో నాపరాళ్ల మీద పడుకుంటే వీపు చల్లగా ఉండేది. మూడో కారణం ఖర్చు. అయిదు విడి ఇళ్లకు పక్క గోడలు పది కావాలి. వరుసగా కడితే ఆరు చాలు. రాయి బండి మీద రావాల్సిన రోజుల్లో నాలుగు గోడల రాయి మిగలడం చిన్న విషయం కాదు.

రాయి ఎంత విలువైనదో మన పాత సత్తెనపల్లి తాలూకాలోని అమరావతి చెబుతుంది. 1790ల చివరలో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు చింతపల్లి నుంచి అమరావతికి మకాం మార్చి అక్కడ కొత్త పట్నం కట్టించారు. ఇటుకకు, రాయికి జనం దీపాలదిన్నెను తవ్వారు. అది బౌద్ధ మహాస్తూపమని అప్పట్లో ఎవరికీ తెలియదు. కాలిన్ మెకంజీ 1797లో వచ్చి చూశాడు. మళ్లీ 1816లో చిత్రకారులతో వచ్చి బొమ్మలు గీయించాడు. ఆలోగా ఎన్నో చెక్కడపు రాళ్లు ఇళ్లలోకీ, కోనేటి మెట్లకూ, సున్నపు బట్టీలకూ పోయాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు పంపిన రాళ్లలో చాలా వాటిని 1859లో ఓడ ఎక్కించి లండనుకు తరలించారు. 1880 నుంచి అవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అవి కూడా పల్నాటి సున్నపురాళ్లే. మా గోడలోని రాయికి దూరపు చుట్టాలు.

ఒక మాట మరిచిపోకూడదు. ఈ రాయి కొట్టినవారూ, మోసినవారూ వడ్డెర కుటుంబాలవారు. అంతంత మందపు గోడలు కట్టి, సాయంత్రానికి తాము తాటాకు గుడిసెలకు వెళ్లి పడుకున్నారు. వరుసల్లో ఎవరు ఉండాలో కులం నిర్ణయించేది. ‘ఇరుగు పొరుగు ఎంత కలిసి ఉన్నారో’ అని మనం మురిసిపోయేటప్పుడు ఆ కలయికకు కూడా ఒక హద్దు ఉండేదని గుర్తుంచుకోవాలి.

సగం గోడ

మా తూర్పు పక్కింటివారు నాకు వరసకు బాబాయి అవుతారు. వారు పోయాక పిల్లలు ఆ ఇంటిని ఒక బిల్డరుకు అమ్మారు. 2012 వేసవిలో మిషను వచ్చింది. నేను అరుగు మీద నిలబడి, “బాబూ, ఈ గోడ ఉమ్మడిది” అన్నాను. మేస్త్రీ కుర్రవాడు మర్యాదగానే తన దగ్గరున్న జిరాక్సు కాగితం చూపించాడు. “మాకు తెలుసు మాస్టారూ. ఉమ్మడి గోడలో సగం హక్కు మాది అని వ్రాసి ఉంది. మా సగం మేం తీసుకుంటున్నాం. మీ సగం ముట్టుకోం” అన్నాడు.

కాగితం చూశాను. ఆ మాట నిజమే. పాత దస్తావేజు నకలు అది. ఆ నకలు వాల్యూములోకి ఎక్కించిన చేతివ్రాత నాదే.

ఆ కుర్రవాడు మోసం చేయలేదు. చదివింది చదివినట్టు చేశాడు. గోడను పొడవునా నిలువుగా చీల్చి, తన వైపు మొహం తీసేశాడు. నాకు ముందు చెప్పిన నిర్మాణం అప్పుడు కళ్లకు కట్టింది. పొడుగు రాళ్లు సగం గాలిలోకి పళ్లలా పొడుచుకు వచ్చాయి. మధ్యలోని అడుసూ చిన్నరాళ్లూ జలజలా రాలాయి. కొన్ని పొడుగు రాళ్లను అడ్డమొస్తున్నాయని లాగేశారు. రెండడుగుల గోడలో సగం తీస్తే అడుగు గోడ మిగలాలి కదా! లెక్క ప్రకారం అంతే. కానీ మిగిలింది గోడ కాదు, పేర్చిన రాళ్ల దొంతర.

దానికి తోడు అటువైపు పిల్లర్లకు గోతులు తీశారు. నూట డెబ్బై ఏళ్లకు పైగా నీడలో ఉన్న రేగడికి ఎండ తగిలింది, తరువాత వాన తగిలింది. శ్రావణంలో గోడ మధ్యన పొట్టలా ముందుకొచ్చింది. తలుపు గడియ పడటం మానేసింది. మంచం జరిపాం, బియ్యం డబ్బాలు జరిపాం, దేవుడి పటాలు తీసి పడమటి గదిలో పెట్టాం. భాద్రపదంలో ఒక రాత్రి రెండు గంటలప్పుడు రెండు దూలాలు, వాటి మధ్య అంకణం కప్పు మొత్తం నేలకు దిగాయి. ఉక్కగా ఉందని నా భార్య ఆ రాత్రి అరుగు మీద పడుకుంది. అంతకు మించి ఆ రాత్రి గురించి వ్రాయలేను.

కోర్టుకు పోదామని మా అబ్బాయి అన్నాడు. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం మన పాత మద్రాసు రాష్ట్రానికి మొదటి నుంచీ వర్తించేదే. ఒక కట్టడానికి పక్క కట్టడం నుంచి ఇరవై ఏళ్లపాటు అడ్డంకి లేకుండా ఆసరా దొరికి ఉంటే, ఆ ఆసరా హక్కుగా నిలుస్తుందని దానిలో ఉంది. మాకు నూట డెబ్బై ఏళ్ల ఆసరా. కేసు గట్టిదే. కానీ ఆ రోజు తడిసిన దస్తావేజు కాగితాలు ఆరబెట్టుకుంటూ నా చేతివ్రాత నేనే చూసుకున్నాను. పెద్దమనుషుల్లో కూర్చుని తేల్చుకున్నాం. బిల్డరు ఖర్చులో కొంత భరించాడు. పాత గోడ స్థానంలో మా వైపు ఇటుక గోడ లేచింది. గూళ్లు పోయాయి.

తెలుసుకున్నది ఒక్కటే. హక్కులో సగం ఉండవచ్చు, రాతి గోడలో సగం ఉండదు. సగం హక్కు అంటే మొత్తం గోడ మీద ఇద్దరికీ ఉన్న హక్కు. ఈ ఒక్క వాక్యం దస్తావేజులో వ్రాసి ఉంటే ఆ మేస్త్రీ ఆగేవాడు.

స్విండన్‌లో చూసిన వరుసలు

2015లో మా అమ్మాయి వాళ్లు ఇంగ్లండులో ఉండగా మూడు నెలలు అక్కడ ఉన్నాం. ఫోనులో “టెర్రేస్ ఇంట్లో ఉంటున్నాం నాన్నా” అంటే, వడియాలు పెట్టుకోవడానికి డాబా ఉంది కాబోలని నా భార్య సంతోషించింది. తీరా వెళ్లాక తెలిసింది, అక్కడ టెర్రేస్ అంటే డాబా కాదు, ఒకదానికొకటి అతికిన ఇళ్ల వరుస. అంటే మా సత్తెనపల్లి ఇల్లే!

వారు ఉన్న ఊరు స్విండన్. అక్కడ రైల్వే విలేజ్ అని ఒక పేట ఉంది. రోజూ సాయంత్రం మా మనవడిని తీసుకుని అటు నడిచేవాణ్ణి. గ్రేట్ వెస్టర్న్ రైల్వే కంపెనీ స్విండన్‌లో ఇంజన్ల వర్క్‌షాపు పెట్టాలని నిశ్చయించి, 1843లో దాన్ని ప్రారంభించింది. పనివారికి ఇళ్లు కావాలి కనుక 1840లలోనే దాదాపు మూడు వందల ఇళ్లు వరుసలుగా కట్టారు. రాయి సున్నపురాయే. దగ్గరలోని బాక్స్ సొరంగం తవ్వినప్పుడు వచ్చిన రాయి వాడారని అక్కడివారు చెప్పుకుంటారు. వీధులకు ఆ రైలు మార్గంలో వచ్చే ఊళ్ల పేర్లే పెట్టారు: బ్రిస్టల్ వీధి, బాత్ వీధి, ఎక్సెటర్ వీధి, రీడింగ్ వీధి. మన ఎన్.జి.ఓ.ల కాలనీలాంటిదే అనుకోండి, కాకపోతే రాతిది.

కట్టిన విధానం చూస్తే నాకు ఒక పక్క ముచ్చట, ఒక పక్క నవ్వు వచ్చాయి. ఆ ఇళ్లను కాంట్రాక్టర్లయిన రిగ్బీ సోదరులు తమ సొంత ఖర్చుతో కట్టారు. అందుకు బదులుగా స్విండన్ స్టేషనులో ఫలహారశాల నడుపుకునే హక్కు 99 ఏళ్లకు పుచ్చుకున్నారు. ప్రతి రైలూ అక్కడ పది నిమిషాలు ఆగితీరాలని షరతు. ఆ షరతు కంపెనీకి తలనొప్పిగా మారి, చివరికి 1895లో లక్ష పౌండ్లు ఇచ్చి వదిలించుకుంది. ఒప్పందంలో ఒక్క వాక్యం ఎంత పని చేస్తుందో చూడండి!

వరుసల కొసల్లోని ఇళ్లు కొంచెం పెద్దవి, పుస్తకానికి అట్ట వేసినట్టు. ముందు చిన్న తోట, వెనుక చిన్న పెరడు, ఆ వెనుక పెరళ్ల మధ్య సన్నని సందు. పొయ్యి గొట్టాలు ఉమ్మడి గోడలోనుంచే పైకి పోతాయి. వారికి చలి, మనకు ఎండ. వారి గోడలో పొయ్యి, మన గోడలో దీపపు గూడు. బయటికి అంత ముచ్చటగా ఉన్నా తొలి రోజుల్లో ఒక్కో ఇంట్లో రెండేసి కుటుంబాలు ఇరుక్కుని బతికాయి, రోగాలు ప్రబలాయి. 1847లో పనివారు తలా కొంత వేసుకుని వైద్య నిధి పెట్టుకున్నారు. దేశమంతటికీ ఉచిత వైద్యం 1948లో వచ్చింది కానీ దానికి ఒక నమూనా ఆ వరుసల్లో వందేళ్ల ముందే పుట్టింది. గోడ ఉమ్మడి అయినచోట జ్వరం కూడా ఉమ్మడే, మందు కూడా ఉమ్మడే.

మన వరుసలకూ, వారి వరుసలకూ ఒక పెద్ద తేడా ఉంది. అక్కడ ఇళ్లన్నీ కంపెనీవి, కాపురం ఉన్నవారు అద్దెదారులు. ఒకే యజమాని కనుక వరుస చెడలేదు. మా వరుసకు అయిదుగురు యజమానులు, వారికి ఇరవై మంది వారసులు. అయినా యజమాని ఒక్కడైనంత మాత్రాన వాటికి రక్షణ దొరకలేదు. ఇళ్లు పాతబడ్డాయి, కూల్చేద్దామన్న మాట వచ్చింది. చివరికి 1966లో ఆ ఊరి పురపాలక సంఘం రైల్వే వద్ద ఆ పేటను కొని, ఇళ్లను లోపల బాగుచేసి, బయటి రాయిని అలాగే ఉంచింది. వర్క్‌షాపు 1986లో మూతపడింది. పనివారి ఇళ్లు మాత్రం నేటికీ కాపురాలతో ఉన్నాయి.

మా అల్లుడి గారిని అడిగితే అక్కడి చట్టం చెప్పాడు. ఇంగ్లండులో ఉమ్మడి గోడలకు 1996లో ప్రత్యేకంగా చట్టం చేశారు. ఉమ్మడి గోడను కదిలించేవారు రెండు నెలల ముందు పక్కింటివారికి వ్రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. మాట కుదరకపోతే సర్వేయర్లు చూసి నిర్ణయిస్తారు. ఆ మాట విని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రెండు నెలల నోటీసు! మాకు రెండు గంటలు కూడా దొరకలేదు.

ఇప్పుడు నా వంతు

మిత్రులారా, ఇంతవరకు నేను దెబ్బతిన్నవాడి వైపు నుంచి వ్రాశాను. ఈ ఏడాది ఆ స్థానం మారింది. మా పిల్లలు ఇల్లు తీసి కొత్తది కట్టాలంటున్నారు. వారిని తప్పుపట్టను. సగం రాయి, సగం ఇటుక అయిన ఇంట్లో ఇద్దరు ముసలివాళ్లం. మా ఆవిడకు ఆ గడపలు ఎక్కి దిగడం కష్టంగా ఉంది. మట్టి మిద్దెలు ఉన్న కొస ఇళ్లు రెండూ ఎప్పుడో పోయాయి. మా పడమటి పక్క ఒక్క ఇల్లు మాత్రం పాతది పాతట్టే ఉంది. అందులో ఒక పెద్దావిడ ఒక్కరే ఉంటున్నారు. ఆవిడ దూలాలు ఆనింది మా గోడ మీద. మా గోడ అనకూడదు, ఉమ్మడి గోడ మీద.

సంక్రాంతికి ముందు ఒకనాడు వెళ్లి, “అక్కయ్యా, మేం ఇల్లు తీస్తున్నాం” అని చెప్పాను. ఆవిడ ఏమీ అనలేదు. లోపలికి వెళ్లి, గోడ మీద దీపపు గూటిని చేత్తో తడిమి వచ్చారు. 2012లో మా ఇల్లు పడ్డ రాత్రి మొదట పరుగెత్తుకొచ్చిన మనిషి ఆవిడే.

ఆ మర్నాడే ఒక పాత మేస్త్రీని పిలిచి కొలతలు వేయించాను. గోడ పొడవు ముప్పై నాలుగడుగులు, మందం అడుగు పదకొండు అంగుళాలు. ఆవిడ వైపు దూలాల కొసలు ఏడు, గూళ్లు నాలుగు. కొత్త ఇంటి పిల్లర్లను ఆ గోడకు అయిదడుగులు ఇవతల వేసుకుంటున్నాం. పిల్లలు గది చిన్నదవుతుందన్నారు. అవుతుంది. గోతులు వేసవిలో తీసి, వానలకు ముందే పూడ్చాలని నిర్ణయించాం. మా దూలాలు తీసిన కన్నాలను ఖాళీగా వదలకుండా రాయి, సున్నంతో నింపుతాం. గోడ తలమీదకు వాన నీరు దిగకుండా మా వైపు నుంచి తీసిన నాపరాళ్లనే పరుస్తాం.

ఇవన్నీ ఒక ఒప్పంద పత్రంగా వ్రాసుకుని రిజిస్టరు చేయించాం. ముసాయిదా నేనే వ్రాశాను. “సదరు ఉమ్మడి గోడ ఆ మొహం నుంచి ఈ మొహం వరకు ఒకే గోడ, దీనిలో ఏ పక్షమువారికిని విడిగా సగము లేదు, రెండవ పక్షమువారి ఇల్లు నిలిచియున్నంత కాలము మొదటి పక్షమువారు గాని వారి వారసులు గాని దీనిని చీల్చరాదు” అని. కార్యాలయంలో కుర్ర ఉద్యోగి అది చదివి, “ఇలాంటి క్లాజు ఎప్పుడూ చూడలేదు సార్” అన్నాడు. నేనూ చూడలేదని చెప్పాను.

మన సంఘంలో చాలామందికి పాత ఇళ్లు ఉన్నాయి. కొన్ని పల్లెల్లో తాళం వేసి ఉన్నాయి. అవన్నీ నిలబెట్టమని చెప్పే అర్హత నాకు లేదు, నాదే పోతోంది. ఒక్కటి మాత్రం చేయండి. బీరువాలోని దస్తావేజు తీసి చెక్కుబందీ చదవండి. ‘ఉమ్మడి గోడ’ అని ఉంటే వెళ్లి ఆ గోడను చూడండి. రాయా, మట్టా, ఇటుకా? మందం ఎంత? ఎవరి దూలాలు ఎక్కడ ఆనాయి? కొలిచి, ఒక కాగితం మీద వ్రాసి, ఫోటో తీయించి దస్తావేజుతో పాటు పెట్టండి. అమ్మదలచుకుంటే కొనేవారికి ఆ కాగితం ఇవ్వండి. పక్కింటివారికి ముందుగా నోటి మాటతో కాక కాగితం మీద చెప్పండి. మన పిల్లలు దూరాన ఉంటారు. వారికి ఇంటి విలువ గజాల్లో తెలుస్తుంది. గోడ లోపల అడ్డంగా పడుకున్న పొడుగు రాయి సంగతి మనం చెప్పకపోతే తెలియదు.

వచ్చే నెల మిషను వస్తుంది. ఆ రోజు పడమటి గోడ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటానని అక్కయ్య గారికి మాట ఇచ్చాను.